నంబరు వేసేదెవరు?

మా సండూరులో ఖనిజం లారీల ఎర్రదుమ్ము అన్నింట్లోనూ దూరుతుంది. అందుచేత కంప్యూటరు మొరాయిస్తే ముందు తిట్టేది దుమ్మునే. నేనూ అదే చేశాను. మా అమ్మాయి ఒక ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవాలి. గడువు ఆ రాత్రి పన్నెండుతో సరి. సర్టిఫికెట్లన్నీ వెనుక గదిలోని లినక్స్ కంప్యూటరులో ఉన్నాయి. వైరు దీపం వెలుగుతున్నది గాని ఒక్క పుటా తెరుచుకోదు. ముందు గదిలో మా అమ్మ ఫోను మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నది. ఆపి మళ్లీ పెడితే ఒకసారి వస్తుంది, మరొకసారి రాదు. బొత్తిగా రాకపోతే అదొక దారి. ఇట్లా దాగుడుమూతలాడే జబ్బుతోనే చిక్కు.

ఆఫీసులో నేను ఇన్‌వర్డు రిజిస్టరు రాసేవాణ్ణి. నంబరు పడనిదే ఏ కాగితమూ నా బల్ల దాటదు. ఇంటి నెట్‌వర్కులోనూ అదే ఆచారం. ఐపీ నంబరు లేనిదే ఏ యంత్రమూ మాట్లాడలేదు. నంబరు వేసే గుమాస్తా రౌటరు పెట్టెలో ఉంటాడు. ఈ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. ఇది 1993లో వెలువడింది. రాల్ఫ్ డ్రోమ్స్ 1997లో రాసిన రూపమే ఇప్పటికీ మన ఇళ్లలో నడుస్తున్నది. కొత్తగా వచ్చిన యంత్రం "నంబరిచ్చేవారెవరైనా ఉన్నారా?" అని అందరికీ వినబడేట్టు కేక వేస్తుంది. "ఇదిగో, ఇది తీసుకో" అంటుంది రౌటరు. "సరే, అదే ఇప్పించండి" అని యంత్రం. "ఇచ్చాను, ఇంతకాలానికి" అని రౌటరు. నాలుగే మాటలు. నంబరుతోపాటు బయటికి పోయే వాకిలి ఏదో కూడా చెబుతుంది. నంబరు కౌలుకే గాని శాశ్వతంగా కాదు సుమండీ.

బళ్లారిలో ఉన్న మా మేనల్లుడికి ఫోను చేశాను. "తంటా ఎందుకు మామా, చేత్తో 192.168.1.5 అని రాసెయ్" అన్నాడు. రాశాను. పుట తెరుచుకున్నది. అయిదు నిమిషాలకు అమ్మ కేక: "ఒరే, పెద్దోడు మాట్లాడతా మాట్లాడతా బొమ్మ మాదిరి నిలిచిపోయినాడు!" రౌటరు అంతకు ముందే అమ్మ ఫోనుకు ఇచ్చిన నంబరు అదే! ఒకే నంబరు రెండు కాగితాల మీద పడితే ఏమవుతుందో నాకు తెలియనిదా? వెంటనే చెరిపేసి, మళ్లీ తనంతట తాను అడిగి తీసుకునేట్టు పెట్టాను.

అప్పటిగ్గాని రెండింటి నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. టెర్మినల్ తెరిచి "ఐపీ అడ్రెస్" అని కొడితే 192.168.0.102 అని వచ్చింది. ఫోనుది 192.168.1.5. మూడో అంకె వేరు! "ఐపీ రూట్" అంటే వాకిలి 192.168.0.1 అని చూపింది. మా రౌటరేమో 192.168.1.1. మరి ఈ సున్నా వీధి ఎవరిది?

తీరా చూద్దును గదా, వెనుక గదికి వైఫై అందడం లేదని పది రోజుల కిందట నేనే ఒక పాత రౌటరు బీరువా మీద పెట్టి, ముందు గది నుంచి లాగిన వైరును దాని లాన్ రంధ్రంలో దూర్చాను. అందులోని గుమాస్తా మాత్రం కొలువు మానలేదు! యంత్రం కేక వేస్తే ఇద్దరిలో ఎవరు ముందు పలికితే వారి నంబరే. పాతవాడు ముందు పలికితే నంబరైతే వస్తుంది, వాకిలి తెరిస్తే గోడ.

ఆ నంబరు ఉండగానే 192.168.0.1 పుట తెరిచి, డీహెచ్‌సీపీ అన్నచోట టిక్కు తీసేశాను. కంప్యూటరు నెట్‌వర్కు ఆపి పెట్టగానే 192.168.1.7 వచ్చింది. అప్పటికి పదకొండున్నర. అర్జీ వెళ్లింది. రసీదు వచ్చేదాకా ఎవరమూ పడుకోలేదు.

మీ ఇంట్లో నంబరే రాకపోయినా, 169.254తో మొదలయ్యేది కనిపించినా, కేకకు ఎవరూ పలకలేదన్నమాట. వైరూ రౌటరూ చూసుకోండి. వేరే వరుస నంబరు వస్తే రెండో గుమాస్తా కోసం వెదకండి. ఏ యంత్రానికైనా మారని నంబరు కావాలంటే, చేత్తో రాయక రౌటరులోనే దాని పేర కేటాయించండి.

పాత పెట్టె మీద "ఇది నంబర్లివ్వదు" అని చీటీ అంటించాను. 1953లో బళ్లారి మైసూరులో కలిసిందగ్గర నుంచీ మా ఇంట్లో ఏ చీటీ అయినా రెండు భాషలలోనే గనుక, కింద కన్నడంలోనూ రాశాను.