టికెట్ కొనే ముందు ఒక ఫోన్

మార్గళి వస్తోందంటే చింతాద్రిపేటలోని మా ఇంట్లో రెండు భాషల్లోనూ ఒకటే ప్రశ్న: ఈసారి ఏ కచేరీకి పోదాం? అమ్మ తమిళంలో అడుగుతుంది, నాయనమ్మ తెలుగులో జవాబు చెప్తుంది. నాయనమ్మకి రాగాల పేర్లు పెద్దగా తెలియవు. త్యాగరాజ కీర్తన ఒకటి వస్తే చాలు, "ఇంతమంది కూర్చుని మన మాట వింటున్నారే" అని మురిసిపోతుంది.

నేను వీల్‌చెయిర్‌లో తిరుగుతానని మీకందరికీ తెలుసు. పోయిన డిసెంబరులో నాయనమ్మా నేనూ ఒక సభకి వెళ్లాం. ఆన్‌లైన్‌లో పక్కపక్క సీట్లు చూసి కొన్నాం. తీరా వెళ్తే వాకిట్లోనే మూడు మెట్లు. "ఎత్తేస్తాం పాపా" అని ఇద్దరు వాచ్‌మన్లు కుర్చీతో సహా ఎత్తారు. లోపల మా వరుసకీ మెట్లే. చివరికి నన్ను వెనక తలుపు పక్కన ఉంచారు. నాయనమ్మ తన సీట్లో ఒక్కతే కూర్చుంది. రెండు పాటలయ్యాక లేచి వచ్చి నా పక్కన నిలబడింది. డెబ్బై రెండేళ్ల మనిషి ఎంతసేపని నిలబడుతుంది? తని ఆవర్తనం రాకముందే ఇంటికి వచ్చేశాం.

ఆ వాచ్‌మన్ల మీద నాకు కోపం లేదు. కానీ ఎత్తడం వేరు, దారి ఉండడం వేరు. ఎత్తేటప్పుడు కాలు జారితే పడేది నేను. పైగా ముక్కూ మొహం తెలియని మగవాళ్ల చేతుల్లో పైకి లేవడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కూర్చుని చట్టం చదివాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో "పబ్లిక్ భవనం" అంటే సర్కారు ఆఫీసు ఒక్కటే కాదు. జనం వచ్చే ప్రైవేటు భవనం కూడా, సంస్కృతికీ వినోదానికీ వాడేది కూడా అందులోకే వస్తుంది. అంటే సభా హాళ్లూ, సినిమా హాళ్లూ అన్నీ. పాత భవనాలు మార్చుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022 జూన్‌తో అయిపోయింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఇంకో మాట చెప్పింది: ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే సరిపోదు, కొన్నిటినైనా తప్పనిసరి చెయ్యాలి అని. చట్టాన్ని మీరితే మొదటిసారి పది వేల రూపాయల వరకు జరిమానా, మళ్లీ మీరితే యాభై వేల నుంచి ఐదు లక్షల వరకు.

మరి టికెట్ ఎలా కొనాలి? నేను నేర్చుకున్నది ఇది.

ముందు డబ్బు కట్టకండి, ఫోన్ చెయ్యండి. "వీల్‌చెయిర్ వస్తుందా?" అని అడిగితే అందరూ "ఓ, వస్తుంది" అనే అంటారు. అలా కాకుండా లెక్క అడగాలి. గేటు నుంచి సీటు దాకా మెట్లెన్ని? తలుపు వెడల్పు ఎంత? 90 సెంటీమీటర్లుంటే ఇబ్బంది లేదు. బాత్‌రూమ్‌లోకి కుర్చీ వెళ్తుందా? తోడు వచ్చినవాళ్లకి పక్కనే సీటు ఉంటుందా?

ర్యాంపు ఉందంటే పొడవు అడగండి. లెక్క ఒకటికి పన్నెండు. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లనుకుంటే మూడు మెట్లకి 45. అంటే ర్యాంపు 5.4 మీటర్లుండాలి. రెండు మీటర్ల చెక్క వేసి ర్యాంపు అనేవాళ్లున్నారు. దాని మీద ఒంటరిగా ఎక్కితే వెనక్కి పడిపోతాం.

ఫోన్‌లో చెప్పింది మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. గేటు దగ్గర ఉండేవాళ్లకి ఫోన్ ఎత్తినవాళ్లు ఏం చెప్పారో తెలియదు. రెండు టికెట్లూ ఒకేసారి కొనండి, స్వావలంబన్ కార్డు దగ్గర ఉంచుకోండి, ముప్పావుగంట ముందే చేరండి. మాట తప్పితే ముందు నిర్వాహకులకి రాతలో ఫిర్యాదు ఇవ్వాలి. ఫలితం లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాయొచ్చు. విచారణలో ఆ కమిషనర్‌కి సాక్షుల్ని పిలవడం లాంటి సివిల్ కోర్టు అధికారాలుంటాయి.

ఇదంతా జరిగే పనేనా అంటారేమో. 2022 నవంబరులో మన మెరీనాలో ఇసక మీద అలల దాకా చెక్కబాట వేశారు. డిసెంబరులో మాండూస్ తుఫానుకి దెబ్బతింది, మళ్లీ బాగుచేశారు. ఇసక మీద వెయ్యగలిగినవాళ్లం సిమెంటు మీద వెయ్యలేమా?

ఈ సీజన్‌కి ఐదు సభలకి ఫోన్ చేశాను. ఇద్దరు "ఎత్తేస్తాం" అన్నారు. ఇద్దరు మళ్లీ చెప్తామన్నారు, చెప్పలేదు. ఒకాయన మాత్రం టేపు తీసుకెళ్లి కొలిచి, నడవ పక్కన ఒక కుర్చీ తీయిస్తానని మెసేజ్ పెట్టాడు. ఆయన దగ్గరే రెండు టికెట్లు కొన్నాను. నాయనమ్మ అప్పుడే చీర తీసి పెట్టుకుంది.

మీరంతా కలిసి ఎక్కడికైనా బుక్ చేసేటప్పుడు, నేను రాకపోయినా సరే, "మెట్లెన్ని?" అని ఒక్క మాట అడగండి. అడిగేవాళ్లు నేనొక్కదాన్నే అయితే వాళ్లకి అది ఒక్కదాని సమస్యే. నలభై మంది అడిగితే ర్యాంపు కట్టడం గురించి ఆలోచిస్తారు.

ఇంకో చిన్న మనవి, ఇది మన డిపార్ట్‌మెంట్‌కే: ఈ గోడపత్రిక బోర్డు ఒక రెండడుగులు కిందికి దించితే పై వరుస కవితలు కూడా నేనే చదువుకుంటాను.