కొక్కెర తెగులుకు చికిత్స లేదు.. టీకాయే రక్ష

పొందూరు: సన్న ఖద్దరుకు పేరుగాంచిన పొందూరు ప్రాంతంలో మగ్గం, రాట్నం, పొలం.. ఏది జీవనాధారమైనా పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకునే కుటుంబాలకు కొదవ లేదు. గుడ్లు ఇంటిల్లిపాదికీ ఆహారం. అవసరం పడితే పుంజును అమ్మిన సొమ్ము అక్కరకు వస్తుంది. ఈ చిన్నపాటి ఆస్తిని రోజుల వ్యవధిలో తుడిచిపెట్టగల మహమ్మారి కొక్కెర తెగులు. కోళ్లు కునుకుపాట్లు పడటం మొదలైన తరువాత మాత్రల కోసం పరుగులు తీయడం వల్ల ప్రయోజనం శూన్యం. ఇది వైరస్ వ్యాధి కావడమే అందుకు కారణం.

రెండు ఊళ్ల పేర్లు

1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, ఆ తరువాత కొద్దికాలానికే హిమాలయ ప్రాంతంలోని రాణిఖేత్‌లో ఈ తెగులు బయటపడింది. అందుకే ప్రపంచమంతా న్యూకాజిల్ వ్యాధి అంటే, మన దేశంలో రాణిఖేత్ వ్యాధి అంటారు. కోళ్లకే కాదు, పావురాలు, చిలుకల వంటి పెంపుడు పక్షులకూ ఇది సోకుతుంది. 1971లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చెలరేగిన తెగులుకు దిగుమతి చేసుకున్న పెంపుడు చిలుకలే మూలమని తేలింది. దాన్ని అదుపు చేసేందుకు అక్కడ సుమారు 1.2 కోట్ల పక్షులను చంపవలసి వచ్చింది.

లక్షణాలివీ..

వైరస్ ప్రవేశించిన తరువాత సాధారణంగా అయిదారు రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి. శ్వాసనాళానికి సోకితే కోడి నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ గురక పెడుతుంది. పేగులకు సోకితే ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పారుతుంది. నాడీమండలానికి పాకితే మెడ మెలితిరుగుతుంది, కాళ్లు, రెక్కలు చచ్చుబడతాయి. పెట్టలు గుడ్లు మానేస్తాయి, లేదా తోలుగుడ్లు పెడతాయి. వైరస్ తీవ్రమైనదైతే ఏ లక్షణమూ లేకుండానే తెల్లవారేసరికి గంప కింద కోళ్లు చచ్చిపడి ఉంటాయి. టీకా వేయని మందలో నూటికి నూరు కోళ్లూ చనిపోవచ్చు.

వ్యాప్తి ఇలా..

జబ్బు కోడి రెట్ట, చొంగ, అది తాగిన నీరు, తిన్న మేత ద్వారా వైరస్ వ్యాపిస్తుంది. మనుషుల చెప్పులు, గంపలు, గుడ్ల అట్టలు సైతం దాన్ని మోసుకువస్తాయి. సంతలో కొన్న కోడిని నేరుగా మందలో కలపడం, పండుగ రోజుల్లో పుంజులను ఊరూరా తిప్పడం, కోసిన జబ్బు కోడి ఈకలు, పేగులను వీధిలో పారవేయడం తెగులును ఆహ్వానించడమే. కొత్త కోడిని కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి.

టీకా ఎప్పుడు?

పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా లేదా ఎఫ్ రకం టీకాను కంటిలో గానీ ముక్కులో గానీ ఒక చుక్క వేయాలి. నాలుగో వారంలో లసోటాను మరోసారి ఇవ్వాలి. ఎనిమిదో వారంలో ఆర్2బి టీకాను రెక్క కింద చర్మంలోకి ఎక్కించాలి. అంతకు వారం ముందు నట్టల మందు తాగించడం మేలు. ఆర్2బి కొంత ఘాటైనది కాబట్టి చిన్నపిల్లలకు వేయరాదు. జబ్బుపడిన కోళ్లకు టీకా వేయడం తగదు.

టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో భద్రపరచాలి. కలిపిన మందును ఐసు మీద ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి. సంచిలో వేసుకుని ఎండన తెచ్చిన టీకా వేసినా వేయనట్లే. పెరటి పెంపకందారులకు మరో చిక్కు ఉంది. టీకా సీసాలు వంద, అంతకు మించిన డోసులతో వస్తాయి. అయిదారు కోళ్లున్న ఇల్లు ఒక్కటే సీసా కొంటే మిగిలినదంతా వృథా. వీధిలోని వారంతా ఒక రోజు అనుకుని, కోళ్లు గూడు విడవకముందే వేకువనే టీకా వేయిస్తే ఖర్చు తగ్గుతుంది. పొరుగింటి మందకు కూడా రక్షణ ఉంటుంది కనుక తెగులుకు దారి మూసుకుపోతుంది.

తెగులు సోకితే..

జబ్బు కోళ్లను వెంటనే వేరుచేయాలి. తక్కువ ధరకైనా అమ్మేద్దామనుకుంటే తెగులును పక్క ఊరికి పంపినట్లే. చనిపోయిన కోళ్లను సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. మనుషులకు ఈ వైరస్ వల్ల పెద్ద ముప్పు లేదు, కొద్దిరోజులు కళ్లకలక రావచ్చు. అయితే బర్డ్ ఫ్లూ లక్షణాలు సైతం ఇలాగే ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో అది నిర్ధారణ అయింది. రెంటికీ తేడా ప్రయోగశాల పరీక్షలోనే తేలుతుంది. కాబట్టి కోళ్లు మూకుమ్మడిగా చనిపోతే వట్టి చేతులతో తాకకుండా, వాటిని పాతిపెట్టేలోపే పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ సమాచారం అందించడం పెంపకందారుల బాధ్యత.