ముద్దు ముక్కే... ముప్పు!

గుడ్డు పెట్టి పద్దెనిమిది రోజులైంది. లోపల పిల్ల కదులుతోంది. మామూలు పావురం పిల్లయితే ఈపాటికి ముక్కుతో పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చేది. దీనికి ఆ శక్తి లేదు. ముక్కు మరీ చిన్నది! అందుకే యజమాని గూటి దగ్గరే కాపు కాస్తాడు. అదను చూసి పెంకుని మెల్లగా ఒలిచి పిల్లని తీస్తాడు. తొందరపడితే నెత్తురు కారుతుంది. ఆలస్యమైతే లోపలే ప్రాణం పోతుంది.

ఇంగ్లాండులో పుట్టిన షార్ట్‌ఫేస్డ్ టంబ్లర్ అనే అరుదైన పావురం కథ ఇది. బుల్లి శరీరం, గుండ్రటి తల, ఎత్తయిన నుదురు, పిచ్చుకకున్నంత ముక్కు... చూస్తే ఎవరైనా ముచ్చటపడాల్సిందే. టంబ్లర్ అంటే గాల్లో పల్టీలు కొట్టేదని అర్థం. కానీ అందం కోసం చిన్న ముక్కున్న వాటినే ఏరి జత కడుతూ పోయేసరికి, పల్టీల మాట అటుంచి ఎగరడమే దాదాపు మర్చిపోయిందీ పక్షి.

డార్విన్ ఇంట్లో...
ఈ సంగతి ఛార్లెస్ డార్విన్‌ని బాగా ఆలోచింపజేసింది. ఆయన 1855లో తన ఇంట్లో పావురాల పెంపకం మొదలుపెట్టాడు. లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరాడు. ఎన్ని రకాలున్నా అన్నింటికీ మూలం రాళ్ల సందుల్లో గూడు కట్టే అడవి పావురమేనని తేల్చాడు. షార్ట్‌ఫేస్డ్ టంబ్లర్ పిల్లల్లో బయటపడే వాటికన్నా గుడ్డులోనే చనిపోయేవి ఎక్కువని 1859లో వచ్చిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్'లో రాశాడు.

ఆ పరిశోధనకి మన గడ్డతోనూ చుట్టరికం ఉంది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన వాల్టర్ ఇలియట్, 1856లో భారతదేశం నుంచి పావురాల చర్మాల్ని డార్విన్‌కి పంపాడు. ఆ సాయానికి పుస్తకంలో కృతజ్ఞతలూ అందుకున్నాడు.

దాది దొరికితేనే...
గుడ్డులోంచి బయటపడినా గండం గడిచినట్టు కాదు. పావురాల్లో తల్లీతండ్రీ ఇద్దరి గొంతు సంచిలోనూ పాలలాంటి పదార్థం ఊరుతుంది. మొదటి వారం పిల్లలకి అదే ఆహారం. పొట్టి ముక్కుతో పిల్లలకి దాన్ని పట్టించడం కష్టం. అందుకే పెంపకందారులు వీటి గుడ్లని మామూలు పావురాల గూట్లో పెడతారు. రెండు జంటలూ ఇంచుమించు ఒకే సమయంలో గుడ్లు పెట్టాలి. లేదంటే దాది పావురానికి పాలు వేళకి ఊరవు.

పెంచాలనుకుంటే...
ఇంత శ్రమ అందరి వల్లా కాదు. కొత్తవాళ్లు లక్కాలాంటి సులువైన రకంతో, రెండు మూడు జంటలతో మొదలుపెట్టడం మేలు.

గూడు పొడిగా, గాలీ వెలుతురూ ఆడేలా ఉండాలి. పిల్లులూ ఎలుకలూ దూరకుండా సన్నటి ఇనుప వల బిగించాలి.

జొన్నలు, సజ్జలు, గోధుమలు, పెసలు కలిపి పెట్టాలి. పళ్లుండవు కాబట్టి గింజలు అరగడానికి సన్నటి రాళ్ల ఇసుక కావాలి. గుడ్డు పెంకు గట్టిపడాలంటే ఆల్చిప్పల పొడీ ఉండాలి.

పావురం ముక్కు ముంచి నీళ్లు పీలుస్తుంది. కాబట్టి గిన్నె కాస్త లోతుగా ఉండాలి. నీళ్లు రోజూ మార్చాలి.

సాధారణంగా ఒక ఈతకి రెండు గుడ్లు పెడుతుంది. పగలు ఎక్కువసేపు మగది, రాత్రంతా ఆడది పొదుగుతాయి. పిల్లలు నెల రోజులకి గూడు వదులుతాయి.

కొత్త పక్షుల్ని కొన్నాళ్లు వేరుగా ఉంచాకే పాతవాటితో కలపాలి.

రెట్టల దుమ్ము ఊపిరితిత్తుల జబ్బులు తెస్తుంది. గూడు శుభ్రం చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ సరదాకి దూరంగా ఉండటమే మంచిది.

మన ఊరి గుడి గోపురం మీది పావురానికి ఎవరూ పెంకు ఒలవరు. దాని పిల్లలు తమ ముక్కుతోనే లోకంలోకి వస్తాయి. షార్ట్‌ఫేస్డ్ టంబ్లర్‌కీ ఒకప్పుడు అలాంటి ముక్కే ఉండేది. ముచ్చటపడి మనిషే దాన్ని చిన్నది చేశాడు. ఇప్పుడు ఆ మనిషే గూటి పక్కన కూర్చుని కాపు కాస్తున్నాడు!