రాట్నం ఆగినా నిలిచిన మాటలు: ఉత్తర తెలంగాణ వడుకు పదజాలం

ప్రవేశిక

ఒక పనిముట్టు వాడుక తప్పితే దాని అవయవాల పేర్లు కూడా అంతరిస్తాయని సాధారణంగా భావిస్తాం. గోదావరికి ఇరువైపులా ఉన్న పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వడుకు పదజాలం ఈ భావనను సవరించుకొమ్మంటుంది. ఇంటింటా నూలు వడికే అలవాటు పోయింది. కాని రాట్నానికి సంబంధించిన మాటలు కొన్ని పక్క వృత్తుల్లోకి చేరి నేటికీ వినిపిస్తున్నాయి. ఆ మాటలను గుర్తించి, వాటిని సేకరించే మార్గాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాట్నం నిర్మాణం – పదాలు

రాట్నంలో ప్రధానమైనవి రెండు: పెద్ద చక్రం, సన్నని ఇనుప కదురు. పిడి పట్టుకొని చక్రాన్ని తిప్పితే తాడు ద్వారా కదురు తిరుగుతుంది. చక్రం పెద్దది, కదురు చిన్నది కాబట్టి చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా కదురు అనేక చుట్లు తిరుగుతుంది. ఎడమచేతిలోని ఏకు నుంచి సాగిన పోగుకు కదురు మొనవద్ద పురి ఎక్కుతుంది. తరువాత ఆ పోగును కదురుకు చుడితే కండె తయారవుతుంది.

ఈ పదాల్లో కొన్ని రాట్నానికే పరిమితం కావు. చక్రపు పుల్లకు ‘ఆకు’, దాని నడిమి కడ్డీకి ‘ఇరుసు’ అన్న పేర్లు ఎడ్లబండికీ ఉన్నాయి. కదురు, ఏకు, పురి, కండె మాత్రం నేరుగా వడుకు పనికి చెందినవి.

పదాల మూలాలు

‘కదురు’ ద్రావిడ పదం. తమిళంలో ‘కదిర్’, కన్నడంలో ‘కదిరు’ దీని సోదర రూపాలు. తమిళ ‘కదిర్’కు ధాన్యపు వెన్ను అనే అర్థం కూడా ఉంది. తెలుగులో ‘కండె’కు సరిగ్గా ఇలాంటి రెండర్థాలే ఉన్నాయి: నూలు చుట్టిన కండె, జొన్న కండె. నూలు నిండిన కదురు ఆకారం గింజ పట్టిన వెన్నును తలపిస్తుంది. రెండు భాషల్లో రెండు వేర్వేరు పదాలు ఈ పోలికనే చూపడం గమనార్హం.

‘రాట్నం’ చరిత్ర వేరు. నీరు తోడే చక్రానికి సంస్కృతంలో ‘అరఘట్టం’ అని పేరు. అది ప్రాకృతంలో ‘అరహట్ట’ అయింది. మరాఠీ ‘రహాట’, తెలుగు ‘రాటము’, ‘రాట్నము’ ఆ కోవలోనివే. జాతరలో తిరిగే ‘రంగుల రాట్నం’లో తిరుగుడు అనే అర్థమే మిగిలింది. ‘చర్ఖా’ పారసీ ‘చర్ఖ్’ నుంచి వచ్చింది. ఇది సంస్కృత ‘చక్ర’కు జ్ఞాతి పదం. 1925లో అఖిల భారత చర్ఖా సంఘం ఏర్పడిన తరువాత ఖాదీ ఉద్యమం ఈ పేరుకు దేశవ్యాప్తి కలిగించింది. అయినా తెలుగులో అది ‘రాట్నా’న్ని తొలగించలేకపోయింది.

ఆదిలాబాద్ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి, కొలామీ భాషలు కలిసి మెలగుతాయి. పెన్‌గంగ దాటితే మరాఠీలో కదురును ‘చాతీ’ అనీ, ఏకును ‘పేళూ’ అనీ అంటారు. సరిహద్దు గ్రామాల్లో ఏ పదం ఎవరి నోట వినిపిస్తుందో పటంపై గుర్తించడం పరిశోధకులు చేపట్టదగిన పని.

వలస వెళ్ళిన మాటలు

చేనేత ఇళ్ళలో రాట్నం వడుకు మానేసి, మిల్లు నూలును కండెలకు చుట్టే పరికరంగా మారింది. పనిముట్టు పని మారినా పేరు మారలేదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచ’ అంటారు. యంత్రానికి కొత్త పేరు వచ్చినా అందులోకి వెళ్ళే నూలు చుట్టకు ‘కండె’ అన్న పాత పేరే నిలిచింది.

‘ఏకు’ క్రియగానూ నామంగానూ ఉంది. క్రియారూపం ‘దూదేకుల’ అనే సామాజిక నామంలో నిలిచింది. నామరూపం ‘ఏకులా వచ్చి మేకులా తగులుకున్నాడు’ అనే సామెతలో బతికి ఉంది. ఏకు మెత్తని దూది చుట్ట అని తెలియని విద్యార్థికి ఈ సామెతలో ప్రాస అందుతుంది కాని పోలిక అందదు. ఇక ‘పింజ’ జమ్మికుంట, ఆదిలాబాద్ పత్తి మార్కెట్లకు చేరింది. పింజ పొడవు ధరను నిర్ణయించే ప్రమాణాల్లో ఒకటి కావడంతో ఆ పదానికి నేటికీ ఆర్థిక విలువ ఉంది.

సేకరణ పద్ధతి

భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం చేనేత సంపుటం 1971లో వెలువడింది. వృత్తిదారుల నోటి మాటకు నిఘంటు గౌరవం దక్కించిన ఆ కృషే నేటి సేకరణకు ఆదర్శం. అయితే బొమ్మ చూపి ‘దీన్ని ఏమంటారు?’ అని అడిగితే ఎక్కువగా పాఠ్యపుస్తకాల మాటే వస్తుంది. పని చేయిస్తూ, పోగు తెగినప్పుడు, పురి తప్పినప్పుడు, కదురు వంగినప్పుడు ఏమంటారో వినాలి. నామపదాలతో పాటు క్రియలను, తిట్లను, సామెతలను నమోదు చేయాలి.

పద్మశాలి ఇళ్ళతోపాటు గొంగడికి ఉన్ని వడికిన కురుమ స్త్రీలనూ, ఖాదీకి పేరుపొందిన మెట్‌పల్లి పరిసరాల వృద్ధులనూ కలవాలి. 2016 జిల్లాల పునర్విభజన తరువాత పాత ఉమ్మడి జిల్లా పేరుతోపాటు గ్రామం, మండలం పేర్లు తప్పక రాసుకోవాలి. లేకుంటే పదం ఉంటుంది గాని దాని చోటు తెలియదు.

ముగింపు

పక్క వృత్తుల్లో చోటు దొరికిన కండె, పింజ వంటి మాటలకు తక్షణ ప్రమాదం లేదు. చోటు దొరకనివి వడికిన చేతులతోనే పోతాయి. వాటిని ఎరిగినవారు ఎక్కువగా వృద్ధ స్త్రీలు. అందువల్ల ఉత్తర తెలంగాణ మాండలిక పరిశోధనలో వారి నోటి మాటను నమోదు చేయడమే ముందుగా జరగవలసిన పని.