టర్బో కారుతో ఆటోక్రాస్: బూస్ట్ పెంచితే గెలుస్తామా? క్లాస్ రూల్స్ ఏం చెప్తున్నాయి?

కొత్త ఫోన్ రాగానే బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి కస్టమ్ రోమ్ వేయడం మనలో చాలామందికి అలవాటే. అదే చేతికి టర్బో కారు దొరికితే? ముందుగా కన్ను పడేది ఈసీయూ మీదే. ల్యాప్‌టాప్ కనెక్ట్ చేసి కొత్త మ్యాప్ ఫ్లాష్ చేస్తే చాలు, బూస్ట్ పెరుగుతుంది, పవర్ పెరుగుతుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కానీ ఆటోక్రాస్‌లో గెలవాలనుకునేవాళ్లు మొదట చేయకూడని పని కూడా అదే. ఎందుకో ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

అసలు ఆటోక్రాస్ అంటే ఏంటి?

పెద్ద పార్కింగ్ లాట్‌లోనో, వాడకంలో లేని రన్‌వే మీదో కోన్లు పెట్టి మెలికలు తిరిగే ట్రాక్ తయారు చేస్తారు. కార్లు పక్కపక్కన పోటీపడవు. ఎవరి రన్ వాళ్లదే, పోటీ అంతా టైమర్‌తోనే. రన్ సాధారణంగా నిమిషం లోపే అయిపోతుంది. టైమ్‌ని సెకనులో వెయ్యో వంతు వరకు లెక్కిస్తారు. ఒక్క కోన్ పడగొడితే 2 సెకన్లు అదనం.

అమెరికాలో ఈ పోటీలకు పెద్ద దిక్కు స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అంటే ఎస్‌సీసీఏ. వాళ్లు దీన్ని 'సోలో' అని పిలుస్తారు. నెబ్రాస్కాలోని లింకన్‌లో జరిగే నేషనల్స్‌కి వెయ్యి మందికి పైగా డ్రైవర్లు వస్తారు. రెండు రోజులు, రెండు కోర్సులు, ఒక్కో కోర్సు మీద మూడే రన్‌లు. రెండు బెస్ట్ టైమ్‌లు కూడితే వచ్చేదే రిజల్ట్.

మన ఉదాహరణ కారు 2002 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. అమెరికా మార్కెట్ మోడల్‌లో 2.0 లీటర్ టర్బో ఇంజిన్, 227 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్.

రూల్‌బుక్ ఎలా చదవాలి?

ఎస్‌సీసీఏ రూల్‌బుక్ 'ఇవి చేయొద్దు' అనే లిస్ట్ కాదు, 'ఇవి చేయొచ్చు' అనే లిస్ట్. చేయొచ్చు అని రాసి లేకపోతే చేయకూడదనే అర్థం. ఫోన్‌లో యాప్ పర్మిషన్లు గుర్తు తెచ్చుకోండి. మనం అలో చేయనంతవరకు యాప్ కెమెరాని ముట్టుకోలేదు కదా, ఇదీ అంతే.

స్ట్రీట్ కేటగిరీ: దాదాపు షోరూమ్ కారు. టైర్లు మార్చుకోవచ్చు, కానీ ట్రెడ్‌వేర్ రేటింగ్ 200 కంటే తగ్గకూడదు. ఆ నంబర్ టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. షాక్ అబ్సార్బర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ ఎలిమెంట్ మార్చుకోవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి ఎగ్జాస్ట్ కూడా మన ఇష్టం. యాంటీ రోల్ బార్ మాత్రం ముందుదో వెనకదో ఒక్కటే. స్ప్రింగులు, వీల్ వెడల్పు ఫ్యాక్టరీవే ఉండాలి. ఈసీయూ జోలికి అస్సలు వెళ్లకూడదు.

స్ట్రీట్ టూరింగ్: ఇక్కడ స్ప్రింగులు, క్యాంబర్ ప్లేట్లు, రెండు బార్లు, ఇంటేక్ వరకు స్వేచ్ఛ దొరుకుతుంది. క్లాస్ లిమిట్ లోపల వెడల్పు వీల్స్ కూడా వేసుకోవచ్చు. ఈసీయూ రీఫ్లాష్ కూడా ఓకే. కానీ టర్బో కార్లకి ఇక్కడే అసలు ట్విస్ట్ ఉంది. ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ మార్చొచ్చు గానీ బూస్ట్ కంట్రోల్‌ని నేరుగా మార్చకూడదు. ఇంటర్‌కూలర్ కూడా ఒరిజినల్‌దే ఉండాలి. రూల్ ప్రకారం చేసిన వేరే మార్పు వల్ల బూస్ట్ కాస్త అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. ఉదాహరణకి ఫ్రీగా ఊపిరి పీల్చుకునే ఎగ్జాస్ట్ వేస్తే బూస్ట్ కొంచెం పెరగొచ్చు, అది ఓకే. అదే పెరుగుదలని సాఫ్ట్‌వేర్‌లో టార్గెట్ నంబర్ మార్చి తెస్తే మాత్రం నాటౌట్ కాదు, ఔట్.

స్ట్రీట్ మాడిఫైడ్: పెద్ద టర్బో, ఎక్కువ బూస్ట్, అదే కంపెనీ నుంచి వేరే ఇంజిన్... ఇక్కడ తలుపులు తెరిచే ఉంటాయి. కాకపోతే అవన్నీ చేసిన కార్లు కూడా ఇక్కడే ఉంటాయి.

ఒక్క ట్యూన్ ఖరీదు ఎంత?

మీ డబ్ల్యూఆర్‌ఎక్స్ స్ట్రీట్ క్లాస్‌లో ఉందనుకోండి. బూస్ట్ పెంచే మ్యాప్ ఒకటి ఫ్లాష్ చేశారు. ఇప్పుడు స్ట్రీట్‌లో చోటు లేదు, స్ట్రీట్ టూరింగ్‌లోనూ లేదు. స్టాక్ స్ప్రింగులు, సన్న వీల్స్ ఉన్న కారుతో పూర్తిస్థాయి మాడిఫైడ్ కార్ల మధ్యకి వెళ్లి పడతారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అన్నమాట.

లోకల్ ఈవెంట్లలో వేర్వేరు క్లాసులని పోల్చడానికి పాక్స్ అనే ఇండెక్స్ వాడతారు. మీ టైమ్‌ని క్లాస్ ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. లెక్క అర్థం కావడానికి పాత క్లాస్ ఫ్యాక్టర్ 0.81, కొత్త క్లాస్‌ది 0.83 అనుకుందాం. 50 సెకన్ల రన్ పాత క్లాస్‌లో 40.5 అవుతుంది. కొత్త క్లాస్‌లో అదే 40.5 రావాలంటే మీరు 48.8 సెకన్లలో రావాలి. అంటే మెరుగుపడటం సంగతి తర్వాత, ఉన్నచోట ఉండటానికే 1.2 సెకన్లు తగ్గించాలి! ఎక్కువ భాగం సెకండ్ గేర్‌లో మలుపులు తిరుగుతూనే గడిచే రన్‌లో కేవలం పవర్‌తో అంత టైమ్ రాబట్టడం చాలా కష్టం.

మరి టైమ్ ఎక్కడ దొరుకుతుంది?

మొదటిది టైర్లు. మిగతా ఏ మార్పూ దీని దరిదాపుల్లోకి రాదు. తర్వాత ఎయిర్ ప్రెషర్, దీనికి పైసా ఖర్చు లేదు. టైరు అంచు మీద చాక్‌తో గీత గీసి రన్‌కి వెళ్లండి. గీత మొత్తం చెరిగిపోయి పక్క గోడ దాకా అరిగితే గాలి తక్కువైనట్టు. గీత అసలు చెరగకపోతే గాలి ఎక్కువైనట్టు.

రెండోది బ్యాలెన్స్. ఈ కారుకి ముందు భాగం బరువెక్కువ. మలుపులో స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికే జారుతుంది. అందుకే స్ట్రీట్‌లో దొరికే ఆ ఒక్క బార్ ఛాన్స్‌ని చాలామంది వెనక గట్టి బార్ వేయడానికి వాడతారు. దాంతో ముందు టైర్ల మీద భారం తగ్గి కారు బాగా తిరుగుతుంది.

మూడోది టర్బో లాగ్. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కాక బూస్ట్ రావడానికి క్షణం పడుతుంది. నేచురల్లీ ఆస్పిరేటెడ్ కారులో మలుపు మధ్యలో తొక్కేచోట, ఇక్కడ కాస్త ముందే తొక్కడం నేర్చుకోవాలి. ఇది డ్రైవర్ అప్‌డేట్. దీనికి ఏ క్లాస్‌లోనూ నిషేధం లేదు.

నాలుగోది వేడి. గేమింగ్‌లో ఫోన్ థ్రాటిల్ అవడం చూశారుగా? డబ్ల్యూఆర్‌ఎక్స్ ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తిమీదే ఉంటుంది. గ్రిడ్‌లో ఆగి ఉన్నప్పుడు కింది నుంచి సెగ తగిలి అది వేడెక్కుతుంది. వేడి గాలి లోపలికి వెళ్తే ఈసీయూ ఇంజిన్‌ని కాపాడటానికి టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. రన్‌ల మధ్య ఇంజిన్ ఆపేసి, బానెట్ ఎత్తి ఉంచడం సింపుల్ మందు.

చదవండి, రాయకండి

టెక్ పిచ్చి ఉన్నవాళ్లకి గుడ్ న్యూస్ ఏంటంటే డేటా లాగింగ్‌కి స్ట్రీట్‌లో కూడా పర్మిషన్ ఉంది. ఓబీడీ పోర్ట్ నుంచి ఆర్‌పీఎం, థ్రాటిల్, ఇంటేక్ ఉష్ణోగ్రత చదవొచ్చు. సోలోస్టార్మ్ లాంటి ఆండ్రాయిడ్ యాప్ రెండు రన్‌లని పక్కపక్కన పెట్టి ఏ మలుపులో ఎంత పోయిందో చూపిస్తుంది. ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకి ఒక్కసారే లొకేషన్ ఇస్తుంది కాబట్టి, సెకనుకి 10 సార్లు ఇచ్చే బ్లూటూత్ రిసీవర్ పెట్టుకోవడం మేలు. ఒక్కటే గుర్తుంచుకోండి: ఈసీయూని రీడ్ చేయడం తప్పు కాదు, స్ట్రీట్‌లో రైట్ చేయడమే తప్పు.

సాఫ్ట్‌వేర్ మార్పు ఎవరికి కనబడుతుందిలే అనుకోవద్దు. నేషనల్స్‌లో ఒక పోటీదారు ఇంకొకరి కారు మీద ప్రొటెస్ట్ వేయొచ్చు. అప్పుడు కారుని తనిఖీ చేస్తారు.

మన దగ్గర సంగతి?

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు రోజూ ఆఫీసుకి వాడే కారుతోనే లోకల్ ఈవెంట్‌కి వెళ్లొచ్చు. హెల్మెట్, సేఫ్టీ చెక్ పాసైన కారు, ఎంట్రీ ఫీజు ఉంటే చాలు. ఇండియాలో ఆటోక్రాస్ ఎక్కువగా మట్టి ట్రాక్‌ల మీద జరుగుతుంది. రూల్స్ ఎఫ్‌ఎంఎస్‌సీఐవి, కాబట్టి పై లిస్ట్ ఇక్కడ పనికిరాదు. పైగా ఆర్‌సీలోని కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రోడ్డు మీద తిరిగే కారు విషయంలో ఇది మర్చిపోవద్దు.

చివరగా

ఆర్డర్ ఇలా పెట్టుకోండి: ముందు ఈ ఏడాది రూల్‌బుక్, తర్వాత టైర్లు, ఆ తర్వాత ప్రెషర్, అలైన్‌మెంట్, షాక్‌లు, బార్. ఇవన్నీ అయ్యాక ఒక సీజన్ మొత్తం డ్రైవ్ చేయండి. అప్పటికీ కారు మీ కంటే స్లోగా ఉందనిపిస్తే అప్పుడు క్లాస్ మారండి. అప్పుడు కూడా సగం కాదు, ఆ క్లాస్‌లో అలో చేసినవన్నీ లెక్కేసుకుని మారండి. బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ఫోన్ కొంటే ఎలా ఉంటుందో, హార్స్‌పవర్ చూసి ఆటోక్రాస్ కారు కట్టినా అలాగే ఉంటుంది.