రూపాయి సంకేతము: హాలీ, కల్దారు లెక్కలను కంప్యూటరున కెక్కించుటలోని చిక్కులు

'రూ.' అను సంకేతము ఒక్క నాణెమునే తెలుపునని తలచుట నేటి అలవాటు. పాత పత్రములలోని మొత్తములను కంప్యూటరున కెక్కించు పరిశోధక విద్యార్థులను ఈ అలవాటే మోసపుచ్చుచున్నది.

సిద్దిపేట ప్రాంతము 1948 వరకు నిజాము పాలనలో నుండెను. అచ్చటి రూపాయి హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని జనులు కల్దారు అనెడివారు. రెండింటి పేరును రూపాయియే, రెండింటికిని పదునారణాలే, వ్రాతలో రెండును 'రూ.' మాత్రమే. మారకమున 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. కావున 350 రూపాయల క్రయపత్రము హాలీదైనచో కల్దారు లెక్కకు 300 మాత్రమే యగును. దీనిని గమనింపక భూముల వెలలను, కూలి రేట్లను ఆంధ్ర ప్రాంతపు వెలలతో పోల్చినచో ప్రతి అంకెయు ఆరవ వంతు హెచ్చి కనబడును. అట్టి పట్టికపై నిలిపిన సిద్ధాంతము నిలువదు.

ప్రభుత్వ నివేదికలు ఓ.ఎస్., బి.జి. అను అక్షరములతో ఉస్మానియా సిక్కాను, బ్రిటిషు నాణెమును వేరుపరచినవి. ఇంటి లెక్కలలో ఆ జాగ్రత్త అరుదు. వ్రాసినవానికిని చదువువానికిని తెలిసిన సంగతిని ఎవరు వ్రాయుదురు? స్థలమును బట్టి నాణెమును నిర్ణయింపవచ్చునని కొంద రందురు. మే మంగీకరింపము. హాలీ 1959లో రద్దగువరకు కొన్ని యేండ్లు రెండు నాణెములును ఒకే అంగడిలో చెల్లినవి. స్థలము, సంవత్సరము ఊహకు తోడ్పడునే కాని సాక్ష్యములు కావు.

డాలరు గుర్తును అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూరు దేశములు వాడుచున్నవి. రియాలు అను పేరు సౌదీ, ఖతారు, ఒమాను నాణెములకు సమానము, విలువలు వేరు. ఇట్టి చిక్కులకై 1978లో ఐ.ఎస్.ఓ. 4217 అను ప్రమాణము మూడక్షరముల సంకేతముల నేర్పరచినది. అంతకు ముందే కనుమరుగైన హాలీకి అందు తావు లేదు. 2010లో ఆమోదము పొందిన ₹ గుర్తును హాలీ మొత్తమునకు తగిలించుట మరింత అన్యాయము. అది సందేహమును తీర్పదు, కప్పిపుచ్చును.

విరామచిహ్నముల బాధ వేరు. 'రూ.250' నుండి అక్షరములను మాత్రమే తొలగించు ప్రోగ్రాము మిగిలిన చుక్కను దశాంశబిందువుగా గ్రహించి పావురూపాయి యనును. '250/-' చివరి గీతను ఋణచిహ్న మనుకొను ప్రోగ్రాములును కలవు. ఇక 5-12-6 అనగా అయిదు రూపాయల పండ్రెండణాల ఆరు పైసలు. అణాకు అట్టి పైసలు పండ్రెండు గనుక దశాంశమున 5.78125. యంత్రము దీనిని తేదీ యనుకొనవచ్చును.

కావున పత్రమున నున్న రూపమును ఉన్నది యున్నట్లే ఒక గడిలోను, నాణెమును మరొక గడిలోను, ఆ నిర్ణయమున కాధారమును వేరొక గడిలోను ఉంచవలెనని మా సూచన. ఆధారము లేనిచోట నాణెపు గడిలో 'అనిర్ణీతము' అని వ్రాసి, ఆ మొత్తమును కూడికలో చేర్పరాదు. చేర్పక తప్పనిచో హాలీగా ఒకమారు, కల్దారుగా ఒకమారు లెక్కించి రెండు ఫలితములను చూపవలెను.