సహాయార్థ గానసభలు - బీదల పద్దు

బీదల సహాయార్థము సంగీతసభ జరుగునని విన్న సంతసింపని సహృదయుడుండడు. కాని సభ ముగిసి దీపములారిన మరునాడు బీదవాని ఇంట పొయ్యి రాజినదా యని విచారించువారు అరుదు. ఆ విచారణయే నేటి మా ప్రసంగమునకు విషయము.

సికింద్రాబాదు కంటోన్మెంటు అంచున నున్న యాప్రాలును జూడుడు. ఒకప్పుడది పొలములు, చెరువులు గల పల్లె. నేడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాయందలి పట్టణభాగము. పొలములున్నచోట విశ్రాంత సైనికోద్యోగుల కాలనీలును, అంతస్తుల భవనములును వెలసినవి. భూమి నమ్మినవారు భాగ్యవంతులైరి, కొన్నవారు గృహస్థులైరి, ఆ యిండ్లను గట్టిన కూలివాండ్రు మాత్రము రేకుల పాకలలోనే కాలము గడుపుచున్నారు. అనతిదూరముననే జవహర్‌నగరము కలదు. హైదరాబాదు నగరపు చెత్త వేలకొలది టన్నులు ప్రతిదినము అచ్చటికి జేరును. ఆ గుట్టలలో ఇనుమును, ప్లాస్టిక్కును ఏరుకొని జీవించు కుటుంబములున్నవి. ఇట్టి తావున బీదరికమున్నదని తెలుపుటకు సభ యక్కరలేదు. కిటికీ తెరచిన కనబడును. సభవలన తెలియవలసినది దానియెడ మన విధి యేమి యన్నదియే.

సంగీతమునకు పేదరికము క్రొత్తది కాదు. త్యాగరాజస్వామి ఉంఛవృత్తితోనే జీవనము సాగించెను. మన కాలమునకు దగ్గరగా, 1944వ సంవత్సరమున శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మి కస్తూరిబా స్మారకనిధికై ఐదు కచేరీలు చేసిరి. ఆమెకు 1974లో లభించిన మెగసెసే పురస్కారము ప్రజాసేవకై యీయబడినదని పాఠకులు గమనింతురుగాక. దానము ముందు నడిచెను. సన్మానము ముప్పది యేండ్లకు వెనుక వచ్చెను. 1952లో రాయలసీమ క్షామమునకు శ్రీ నందమూరి తారకరామారావు తోడి నటులతో గూడి విరాళములకై యూరూర దిరిగిరి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన తరువాత వారును, శ్రీ అక్కినేని నాగేశ్వరరావును మరల జోలె పట్టిరి.

సదుద్దేశమొక్కటియే చాలదనుటకును దృష్టాంతము కలదు. 1971 ఆగస్టు 1వ తేదీని పండిత రవిశంకరును, జార్జి హారిసనును న్యూయార్కు నగరమున బంగ్లాదేశ శరణార్థులకై గానసభ జరిపిరి. ఒక్కదినమున రెండు ప్రదర్శనములు. టిక్కెట్ల రాబడి రెండు లక్షల నలుబదివేల డాలర్లకు పైబడి యూనిసెఫ్ సంస్థకు జేరెను. కాని రికార్డుల వలనను, చిత్రము వలనను వచ్చిన సొమ్ములో అధికభాగము, పన్ను మినహాయింపును ముందుగా పొందనందున, సంవత్సరముల తరబడి చిక్కుబడెను. ఆకలి అంతకాలము వేచియుండునా?

పెద్దలను సన్మానించుట తప్పని మేము చెప్పము. ఊరికి ఉపకరించినవానిని నలుగురిలో గౌరవించుట ధర్మమే. అయితే ఉపన్యాసములు, శాలువలు, పూలమాలలు సాయంకాలమును మ్రింగివేయగా, ఎవరి పేర టిక్కెట్లమ్మబడినవో వారి మాట వందన సమర్పణములో ఒక వాక్యముగా మిగులుట యుచితముగాదు. కావున మూడు నియమములను సూచించుచున్నాము. సొమ్ము ఏ బడికి, ఏ కుటుంబములకు జెందవలెనో సభకు పూర్వమే నిర్ణయింపవలెను. సభ జరిగిన నెలలోపల రాబడిని, హాలు అద్దెను, ఇతర వ్యయమును పైసలతో బ్రకటింపవలెను. శాలువల ఖర్చును టిక్కెట్ల సొమ్మునుండి తీయరాదు. సన్మానము హోదాను బట్టి గాక సేవను బట్టి జరుగవలెను: రాత్రిబడి నడిపిన యుపాధ్యాయునికి, పాకలకు బోయి ప్రసవములు జూచిన నర్సుకు ఆ పీట దక్కవలెను. బీదలను వేదికపై నిలిపి చూపుట మానవలెను; వారిని ఆహ్వానితులుగా ముందువరుసలో గూర్చుండబెట్టవలెను.

భూముల ధర పెరిగి లాభించిన యాప్రాలు పెద్దలకును, అట్టి ప్రతి పేటయందలి గృహస్థులకును మా విన్నపమిది. ఆ లాభమునకు రాళ్లు మోసిన చేతుల ఋణము కొంత గలదు. దానిని దయగా గాక బాకీగా నెంచి తీర్తురని ఆశించుచున్నాము.